సిఫారసు లేఖకు తగిన గురువు

తిరుమల కొండపై బ్రేక్ దర్శనమునకై శాసనసభ్యుని లేఖ సంపాదించుకొని వెళ్లుట తెలుగు కుటుంబములకు క్రొత్త విషయము కాదు. ఆ లేఖలో భక్తుని భక్తిని గూర్చి ఒక్క మాటయు నుండదు. పేర్లు, వయస్సులు, ఆధార్ సంఖ్యలు, కోరిన తేదీ, అడుగున ప్రజాప్రతినిధి సంతకము, ముద్ర: ఇంతియే. సంతకము చేసిన పెద్దమనిషి ఆ కుటుంబమును ఎన్నడైనను కంట చూచెనా లేదా యని కొండమీద నెవ్వరును ప్రశ్నింపరు. ఉద్యోగమునకైనను, బదిలీకైనను, ఆసుపత్రిలో మంచమునకైనను, మన సంఘమున సిఫారసు లేఖకు గల బలమంతయు దానిని ఇచ్చువాని పదవినుండి వచ్చునదే కాని, అందలి వాక్యములనుండి వచ్చునది కాదు. ఈ సంస్కారమును వెంటబెట్టుకొనియే మన పిల్లలు, వారికంటె మిక్కుటముగా వారి తల్లిదండ్రులు, అమెరికా కళాశాలలు కోరు ఉపాధ్యాయుల లేఖల దగ్గరకు వచ్చుచున్నారు; వచ్చి, లేఖ ఎట్లుండవలెనను ప్రశ్న పుట్టక మునుపే, ఎవరిని అడుగవలెనను ప్రశ్న దగ్గరనే దారి తప్పుచున్నారు.

ఇది ఇప్పుడు ఏ కొద్దిమందికో సంబంధించిన ప్రశ్న కాదు. 2023–24 విద్యాసంవత్సరమున అమెరికాలో నమోదైన భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602, అందులో ఎం.ఎస్. మొదలగు పై చదువులకై వెళ్లినవారే దాదాపు 1,97,000 మంది. తెలుగునాట ఏ కాలనీలో విచారించినను వీరిలో నొకరి తల్లిదండ్రులు కనబడకపోరు. వీరు గాక, న్యూజెర్సీలోని ఎడిసన్, టెక్సస్‌లోని ఫ్రిస్కో, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్, క్యూపర్టినో మొదలగు ఊళ్లలో స్థిరపడిన తెలుగువారి పిల్లలు ప్రతి శరదృతువునను హైస్కూలు చివరి సంవత్సరమున కూర్చుండి డిగ్రీ చదువునకు దరఖాస్తులు నింపుచుందురు. ఇరువురికిని లేఖలు కావలెను. పద్ధతులలో భేదమున్నది కనుక మొదట హైస్కూలు పిల్లల సంగతి చూతము.

మన ఎంసెట్ (నేటి ఈఏపీసెట్) వలె ఒక్క పరీక్ష, ఒక్క ర్యాంకు, ఒక్క కౌన్సెలింగుతో ముగిసిపోవు ప్రవేశవిధానము అమెరికాలో లేదు. 1975లో 15 ప్రైవేటు కళాశాలలు కలిసి ఏర్పరచుకొనిన ‘కామన్ అప్లికేషన్’ అను ఉమ్మడి దరఖాస్తు నేడు వేయికి పైగా కళాశాలలకు పనికివచ్చుచున్నది. విద్యార్థి తన మార్కులను, వ్యాసములను అందులో పొందుపరచిన పిమ్మట, తనకు పాఠము చెప్పిన ఉపాధ్యాయుల పేర్లు, ఈమెయిళ్లు తెలిపినచో, వారు తమ లేఖలను నేరుగా కళాశాలలకే పంపుదురు. పోటీ తీవ్రముగా నుండు కళాశాలలు సాధారణముగా ఇద్దరు ఉపాధ్యాయుల లేఖలను, పాఠశాల కౌన్సెలరు లేఖ నొకదానిని కోరును. ఈ కౌన్సెలరు పాఠము చెప్పువాడు కాడు. పిల్లల కోర్సులను, దరఖాస్తులను పర్యవేక్షించు ఉద్యోగి. ఒక్కొక్క కౌన్సెలరునకు 250 మంది విద్యార్థులకు మించరాదని అక్కడి కౌన్సెలర్ల సంఘము చెప్పుచుండగా, దేశము మొత్తముమీద సగటు 350 దాటియే యున్నది. కావున పెద్ద ప్రభుత్వ పాఠశాలలలో కౌన్సెలరు ఎంత సహృదయుడైనను ప్రతి పిల్లవాని ముఖమును గుర్తుంచుకొనుట కష్టము. పిల్లవానిని దగ్గరనుండి చూచినవాని మాటగా మిగులునవి ఆ రెండు లేఖలే.

అన్నిచోట్లను ఈ లేఖలు కావలెననియు కాదు. బర్కిలీ, లాస్ ఏంజలస్ మొదలగు శాఖలు గల కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము దరఖాస్తుతోపాటు వీనిని కోరనే కోరదు. మసాచుసెట్స్‌లోని ఎం.ఐ.టి. మాత్రము ఇంకొక అడుగు ముందునకు వేసి, ఒక లేఖ గణితమో విజ్ఞానశాస్త్రమో చెప్పినవారినుండియు, రెండవది సాహిత్యము, చరిత్ర, సాంఘికశాస్త్రము, భాష వీనిలో నేదో యొకటి చెప్పినవారినుండియు రావలెనని సూచించును. ఇంజనీరింగు విద్యకు జగత్ప్రసిద్ధమైన ఆ సంస్థయే భాషోపాధ్యాయుని మాటను వినగోరుచున్నదన్న సంగతి, లెక్కలు తప్ప మిగిలినవన్నియు కాలహరణమని తలచు మన ఇండ్లలో కొంచెము గట్టిగా చెప్పవలసినది.

లేఖతోపాటు ఉపాధ్యాయుడు నింపుటకు ఒక పట్టిక కూడ నుండును. మేధస్సు, వ్రాతలోని నాణ్యత, తరగతి చర్చలో పాల్గొను తీరు, స్వయంప్రేరణ, నిజాయితీ, ఎదురుదెబ్బ తగిలినప్పుడు నిలద్రొక్కుకొను శక్తి, ఇతరులయెడ శ్రద్ధ మొదలగు గుణముల కెదురుగా, ఈ విద్యార్థి సామాన్యుడా, మంచివాడా, మొదటి పదిశాతములోనివాడా, అయిదు శాతములోనివాడా, లేక తాను ఇంతవరకు చూచినవారిలో మొదటి ఒక్కశాతమునకు చెందిన అరుదైనవాడా యని గుర్తు పెట్టవలెను. పట్టికలో ఒక చివర ‘చెప్పుటకు ఆధారము లేదు’ అను గడి యున్నది. తల్లిదండ్రుల దృష్టి యంతయు సహజముగా ఆ ఒక్కశాతపు గడిమీదనే నిలుచును. నన్నడిగినచో చూడవలసినది ఈ చివరి గడిని. ఏ ఉపాధ్యాయుడు మన బిడ్డను గూర్చి ఈ గడిని అతి తక్కువసార్లు ఆశ్రయించునో అతడే అడుగదగినవాడు. నూటికి తొంబదియెనిమిది మార్కులు వేసిన గణితోపాధ్యాయుడు, ఆ పిల్లవాడు సంవత్సరమంతయు మూడవ వరుసలో మౌనముగా కూర్చుండి పరీక్షలు వ్రాసి వెళ్లినవాడే యైనచో, ఎదురుదెబ్బను గూర్చిగాని, ఇతరులయెడ శ్రద్ధను గూర్చిగాని ఏమి చెప్పగలడు? అతనికి తెలిసినది తొంబదియెనిమిది అను అంకె. ఆ అంకె మార్కుల పత్రముతో ముందే కళాశాలకు చేరియున్నది.

మార్కులను మించినదేదో చూడవలెనను ఈ ఆచారము పుట్టుక అంత నిర్మలమైనది కాదని ఇక్కడ ఒక మాట చెప్పుకొనుట న్యాయము. ఇరువదవ శతాబ్దపు మొదటి దశకములలో హార్వర్డు, యేల్, ప్రిన్స్‌టన్‌లలో ప్రవేశము ముఖ్యముగా పరీక్షాఫలితములమీదనే ఆధారపడియుండెను. ఆ పరీక్షలలో యూదు విద్యార్థులు పెద్దసంఖ్యలో నెగ్గుకొని వచ్చుచుండగా, 1920 దశకమున హార్వర్డు అధ్యక్షుడు లోవెల్ మొదలగువారు వారి సంఖ్యను తగ్గింపదలచి, శీలము, వ్యక్తిత్వము, నాయకత్వము అను కొలబద్దలను ముందునకు తెచ్చిరి. సమాజశాస్త్రజ్ఞుడు జెరోమ్ కారబెల్ 2005లో ప్రచురించిన గ్రంథమున ఈ చరిత్రను విస్తరముగా వ్రాసెను. వ్యక్తిత్వమను పేరిట ఎవరినైనను బయట నుంచవచ్చునను అనుమానము ఆనాటినుండి నేటివరకును పూర్తిగా పోలేదు. ఆసియా సంతతి విద్యార్థుల పక్షమున హార్వర్డుపై నడచిన వ్యాజ్యమునను, 2023లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వరకును, ఈ వ్యక్తిత్వపు అంచనాలు వాదవివాదములకు గురియైనవి. పద్ధతి నిర్దోషమని నేను చెప్పబోను. పద్ధతి యున్నంతకాలము దాని తీరు తెలిసికొని మెలగుట మాత్రము తప్పదు.

ఇక ఎవరిని అడుగవలెను? సాధారణముగా పదునొకండవ తరగతిలో ముఖ్యమైన విషయమేదైనను చెప్పినవారు మేలు. తొమ్మిదవ తరగతిలో చెప్పిన ఉపాధ్యాయురాలికి పిల్లవానిపై ఎంత వాత్సల్యమున్నను, ఆమె చూచినది పదునాలుగేండ్ల బాలుని. కళాశాలకు కావలసినది పదునేడేండ్ల యువకుని చిత్రము. పండ్రెండవ తరగతి ఉపాధ్యాయునికి ముందస్తు దరఖాస్తుల గడువునాటికి పిల్లవానితో పరిచయము దాదాపు రెండు నెలలే. ఆ పదునొకండవ తరగతివారిలోనైనను మార్కుల వరుసను బట్టి ఎంచుకొనరాదు. ఒక తెలుగు బాలిక రసాయనశాస్త్రమున మొదటి పరీక్షలో చతికిలబడినదనుకొందము. మరునాటినుండి మధ్యాహ్న భోజనవేళ ఆ ఉపాధ్యాయుని గదికి వెళ్లి, తప్పిన ప్రతి లెక్కను తిరిగి వేసి చూపి, ప్రయోగములో తన జతవాడు తొందరపడి వ్రాసిన కొలతను ఒప్పుకొనక మరల కొలిచి, చివరకు ‘ఎ’ కాదు, ‘బి ప్లస్’ తెచ్చుకొన్నది. అదే బాలికకు కంప్యూటరు విషయమున ఏ ప్రయాసయు లేకుండ ‘ఎ ప్లస్’ వచ్చినది. ఇంటిలో తండ్రి, “ఎక్కువ మార్కులొచ్చిన టీచరునే అడుగమ్మా, ఇందులో ఆలోచించేదేముంది?” అనును. కాని కంప్యూటరు ఉపాధ్యాయునికి వ్రాయుటకు ఒక వాక్యమున్నది; రసాయనశాస్త్రపు ఉపాధ్యాయునికి ఒక కథ యున్నది. వేలకొలది దరఖాస్తులను చదువు ప్రవేశాధికారికి, అందరి పత్రములలోను నిండియున్న ‘ఎ’ల నడుమ, ఆ మరల కొలిచిన కొలతయే జ్ఞాపకముండును.

తరగతిలో నోరు మెదపని పిల్లల విషయము మన కుటుంబములకు ప్రత్యేకముగా ముఖ్యమైనది. పెద్దల యెదుట మితముగా మాటలాడుట వినయమని నేర్చుకొనిన పిల్లలు అమెరికా తరగతిగదిలో, చర్చలో పాల్గొనుటయే చదువులో భాగమని భావించు ఉపాధ్యాయుల యెదుట, ఏమియు తోచనివారివలె కనబడు ప్రమాదమున్నది. వారిని మార్చి వాచాలురను చేయనక్కరలేదు. అట్టి పిల్లవానిని వ్రాతలో చూచిన ఉపాధ్యాయుడు ఒకడుండును: చరిత్ర వ్యాసమును మూడు మారులు తిరుగవ్రాయించుకొనినవాడో, సాహిత్యపు తరగతిలో అతడు కాగితము అంచులలో వ్రాసిన వ్యాఖ్యలను చదివి ఆశ్చర్యపడినవాడో, సాయంకాలము రోబోటిక్స్ క్లబ్బులో చెడిపోయిన మోటారు చుట్టు మౌనముగా తిరుగుచు చివరకు దానిని నడిపించిన పిల్లవానిని గమనించినవాడో. తరగతిలో పాఠము చెప్పుటయే కాక క్లబ్బును, జట్టును నడిపించు ఉపాధ్యాయుడు దొరికినచో అది అదృష్టము. ఒకే వ్యక్తి రెండు స్థలములలో చూచిన చూపు లేఖలో కలిసివచ్చును.

కూచిపూడి గురువునో, అక్కడి ‘మనబడి’ తెలుగు తరగతుల ఉపాధ్యాయునో, గుడిలో సేవాకార్యక్రమములు నడుపు పెద్దనో అడుగవచ్చునా యని కొందరు తల్లులు అడుగుదురు. అడుగవచ్చును, కాని అవి అదనపు లేఖలు, అదియు కళాశాల అనుమతించినప్పుడే. పది సంవత్సరములు గజ్జెకట్టిన బిడ్డను గూర్చి గురువుగారు చెప్పు మాట, నాట్యమే ఆమె దరఖాస్తులో ప్రధానాంశమైనచో, విలువైనదే. అది తరగతి ఉపాధ్యాయుని లేఖకు బదులు కానేరదు. న్యూహాంప్‌షైర్‌లోని డార్ట్‌మత్ కళాశాల తోటి స్నేహితుడు వ్రాసిన లేఖను కూడ ఆహ్వానించునని వినినప్పుడు మనవారు నవ్వుదురు. నాకు అది చాల తెలివైన ఆలోచనగా తోచును. ఉపాధ్యాయుని చూపు పడని మూల స్నేహితునికి తెలియును. కుటుంబమిత్రుడైన ప్రఖ్యాత వైద్యుడు, నాన్నగారి కంపెనీ వైస్ ప్రెసిడెంటు, ఎన్నికలలో చందా పుచ్చుకొనిన కాంగ్రెసు సభ్యుడు వ్రాయు లేఖలు మాత్రము దరఖాస్తునకు మేలు చేయవు. ఎన్నడో రెండుసార్లు విందులో పలుకరించిన పిల్లవానిని గూర్చి పెద్దమనిషి వ్రాసిన మూడు పేరాలలో రెండున్నర తన పదవిని గూర్చియే యుండును.

ఎవరి మాట ఎందుకు పనిచేయునో తెలియుటకు అమెరికాకే పోనక్కరలేదు. మన దక్షిణదేశమున నూరేండ్ల క్రిందట జరిగిన శ్రీనివాస రామానుజన్ వృత్తాంతముకంటె మంచి ఉదాహరణము నాకు దొరకలేదు. ఎఫ్.ఏ. పరీక్షలో గణితము తప్ప మిగిలిన విషయములలో తప్పి, పట్టము లేక తిరుగుచుండిన ఆ యువకునికి మార్కుల పత్రము శత్రువు. అతనిని కాపాడినవి వరుసగా వచ్చిన లేఖలే. కుంభకోణము కళాశాలలో అతనిని ఎరిగియున్న శేషు అయ్యరు ఇచ్చిన పరిచయపత్రముతో 1910 చివర అతడు నెల్లూరు కలెక్టరు, గణితాభిమాని యైన ఆర్. రామచంద్రరావును దర్శించెను. కలెక్టరు నోటుపుస్తకములను తానే విప్పి చూచి, తొలుత అర్థము కాకున్నను మరల పిలిపించుకొని విని, నెలకు 25 రూపాయల చొప్పున కొంతకాలము పోషించెను. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తా ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టునప్పుడు ప్రెసిడెన్సీ కళాశాల గణితాచార్యుడు మిడిల్‌మాస్ట్ అతని గణితశక్తి అసాధారణమైనదని లేఖ నిచ్చెను. నెలకు 30 రూపాయల ఉద్యోగము లభించెను. 1913 ఫిబ్రవరిలో వాతావరణ శాఖాధిపతి గిల్బర్ట్ వాకర్ పోర్టు ట్రస్టునకు వచ్చినప్పుడు ఆ నోటుపుస్తకములను చూచి, మరునాడే మద్రాసు విశ్వవిద్యాలయ రిజిస్ట్రారునకు వ్రాసెను. ఫలితముగా నెలకు 75 రూపాయల పరిశోధక వేతనము మంజూరయ్యెను. 1914 జనవరిలో ఉపన్యాసములకై కేంబ్రిడ్జినుండి మద్రాసునకు వచ్చిన నెవిల్, ఆ పుస్తకములను చేతబట్టి చదివిన పిదప, ఇతనిని ఇంగ్లండునకు పంపుట విశ్వవిద్యాలయమునకు కీర్తిదాయకమని అధికారులకు వ్రాసెను.

వీరందరును పదవులు గలవారే, నిజము. కాని పదవులు గలవారు మద్రాసులో ఇంకను వందలమంది యుండిరి. కలెక్టరు, వాతావరణ శాస్త్రజ్ఞుడు, కేంబ్రిడ్జి పండితుడు: ఈ ముగ్గురును నోటుపుస్తకములను చూచిన పిదపనే ముందునకు కదలిరి. శేషు అయ్యరు చూచి చెప్పెను గనుకనే కలెక్టరు తలుపు తెరచెను. మన తర్కశాస్త్రము ఆప్తుని వాక్యమును ప్రమాణముగా అంగీకరించుచు, ఆ ఆప్తుడు విషయమును స్వయముగా ఎరిగి, ఎరిగినది ఎరిగినట్లు చెప్పువాడై యుండవలెనని నియమము పెట్టినది. అమెరికా ప్రవేశాధికారి ఆ శాస్త్రమునకు మూలమైన గౌతముని న్యాయసూత్రములను చదివియుండడు. అయినను అతడు లేఖను చదువు పద్ధతి అదియే.

పొట్టి లేఖ యని భయపడువారికి ఇంకొక ఉదంతము. 1948లో కార్నెగీ సాంకేతిక సంస్థ ఆచార్యుడు రిచర్డ్ డఫిన్ తన శిష్యుడు జాన్ నాష్‌ను ప్రిన్స్‌టన్‌కు పంపుచు వ్రాసిన లేఖలో, వయస్సు పందొమ్మిది యనియు, జూనులో పట్టము పుచ్చుకొనుననియు, గణితమున మహామేధావి యనియు తప్ప మరేమియు లేదు. అది చాలెను. అయితే నాష్‌వంటి శిష్యునికి డఫిన్‌వంటి గురువు వ్రాసినప్పుడు మాత్రమే అది చాలును. మనవంటివారము కొంచెము వివరముగా వ్రాయించుకొనుటయే క్షేమము.

ఇక తెలుగునాట ఇంజనీరింగు చదివి ఎం.ఎస్.కు వెళ్లువారి సంగతి. వీరిని సాధారణముగా మూడు లేఖలు అడుగుదురు. ‘ఎల్.ఓ.ఆర్.లు’ అని వీరు పిలుచుకొను ఈ లేఖల చరిత్ర, దాచనేల, అంత గౌరవప్రదముగా లేదు. స్కూలు విడిచినప్పుడు మనకిచ్చు స్టడీ, కాండక్ట్ సర్టిఫికెట్టును తలచుకొనుడు: ఫలానావాడు ఫలానా సంవత్సరమునుండి ఫలానా సంవత్సరమువరకు ఇచట చదివెను, అతని ప్రవర్తన సంతృప్తికరము. పేరు మార్చినచో ఎవరికైనను చెల్లును. చెల్లవలెననియే అది పుట్టినది. మన కళాశాలలలో సిఫారసు లేఖలను గూడ ఆ కుటుంబమునకే చేర్చివేసితిమి. విద్యార్థి స్నేహితుని దగ్గరనుండి గత సంవత్సరపు నమూనా తెచ్చును, లేదా కన్సల్టెన్సీవారు ఒకటి ఇత్తురు. మూడు పేర్లతో మూడు లేఖలు తానే వ్రాసికొని, హెచ్.ఓ.డి.గారి గది యెదుట వరుసలో నిలుచును. వారు చదువక, లేక పైపైన చదివి, సంతకము పెట్టుదురు. అందులో వ్యుత్పన్నుడు, విధేయుడు, కష్టజీవి, సమయపాలకుడు అను విశేషణములు మాత్రమే యుండును. ఒకే కళాశాలనుండి వచ్చిన ఏడు దరఖాస్తులలో ఒకే పేరా కనబడినప్పుడు అవతలివారు ఏమనుకొందురో ఊహించుటకు గొప్ప తెలివి అక్కరలేదు.

ఉపాధ్యాయులను మాత్రమే నిందించుట సులభము, న్యాయము కాదు. సెక్షనుకు అరువది మంది చొప్పున పాఠములు చెప్పి, మిడ్ పరీక్షల పేపర్లు దిద్ది, అక్రెడిటేషను ఫైళ్లు నింపువానికి నూరు లేఖలు స్వయముగా వ్రాయు తీరిక ఎక్కడిది? అందుచేతనే ఎంపిక మరింత ముఖ్యమగుచున్నది. హెచ్.ఓ.డి., ప్రిన్సిపాలు అను పదవులను చూచి పరుగెత్తుట మాని, ప్రాజెక్టు గైడుగా ఒక సంవత్సరము వెంట నడిచిన అసిస్టెంటు ప్రొఫెసరును, ల్యాబ్‌లో వైవా నాడు అడిగిన ప్రశ్నకు జవాబు రాకపోగా వారము తరువాత వెదకి తెచ్చి చెప్పినప్పుడు మెచ్చుకొనిన మేడమును, సెమినారును విని రెండవ సంవత్సరమునుండి పేరు పెట్టి పిలుచు లెక్చరరును అడుగవలెను. ఇంటర్న్‌షిప్పులో పనిని పర్యవేక్షించిన అధికారి మూడవవాడు కావచ్చును. విద్యార్థి చేయదగిన సహాయము చిత్తుప్రతి వ్రాయుట కాదు. తాను ఆ ఉపాధ్యాయుని దగ్గర చేసిన పనిని, తేదీలతో, ప్రాజెక్టు నివేదికతో, ఒక కాగితమున గుర్తుచేయుట. విశ్వవిద్యాలయము పంపు లింకు ఉపాధ్యాయుని కళాశాల ఈమెయిలునకే పోవలెను. సొంత జీమెయిలు చిరునామా నిచ్చినచో అనుమానమునకు తావిచ్చినట్లగును. ఆ చిరునామాను విద్యార్థియే సృష్టించి తానే లేఖ పంపిన ఉదంతములు బయటపడియుండుటచే ఆ అనుమానము అకారణమని చెప్పలేము.

విశేషణముల మాట వచ్చినది గనుక ఒక పరిశోధనను పేర్కొనవలెను. ఫ్రాన్సెస్ ట్రిక్స్, కరోలిన్ సెంకా అను ఇద్దరు పరిశోధకులు 2003లో ప్రచురించిన వ్యాసమున, అమెరికాలో ఒక వైద్యకళాశాల అధ్యాపక పదవులకై వచ్చిన మూడువందలకు పైగా సిఫారసు లేఖలను పరిశీలించి, స్త్రీలను గూర్చిన లేఖలు సగటున పొట్టివనియు, వారి పరిశోధనాప్రతిభకంటె వారి శ్రమను ఎక్కువగా పొగడుచున్నవనియు చూపిరి. మన ఆడపిల్లల లేఖలలో ‘సిన్సియర్’, ‘హార్డ్‌వర్కింగ్’ అను పదములు ఎన్నిమారులు వచ్చునో గమనించినవారికి ఇది ఆశ్చర్యము కలిగింపదు. అడుగునప్పుడే, “సార్, నా ప్రాజెక్టులో ఆ ఆల్గారిథము మార్చిన భాగము గురించి మీరు వ్రాస్తే బాగుంటుంది” అని ఒక్కమాట అనుట గర్వము కాదు.

అడుగు విధమును గూర్చి కొంచెము. హైస్కూలు పిల్లలు పదునొకండవ తరగతి ముగియు వసంతకాలముననే, వేసవి సెలవులకు ముందే, అడుగుట మంచిది. ముందస్తు దరఖాస్తుల గడువు తరచుగా నవంబరు 1న, సాధారణ గడువు జనవరి మొదటివారమున వచ్చును. పిల్లలందరు ఇష్టపడు ఉపాధ్యాయుడు తాను వ్రాయు లేఖల సంఖ్యకు పరిమితి పెట్టుకొనుట కలదు; సెప్టెంబరులో వెళ్లినవానికి అతడు దొరకడు. ఎదుటికి వెళ్లి అడుగవలెను, తల్లిదండ్రులు అడుగరాదు. అడుగునప్పుడు, వ్రాయుదురా యని కాక, నన్ను గూర్చి బలముగా వ్రాయగలరా యని అడుగుట ఒక మర్యాద. కాదనుటకు వారికి చోటు మిగులును. “నిన్ను బాగా ఎరిగినవారు ఇంకెవరైన ఉన్నారేమో చూడు” అని ఉపాధ్యాయుడు అన్నచో అది వినయము కాదు, నిరాకరణము. కృతజ్ఞత చెప్పి మరొకరి దగ్గరకు పోవలెను. మన పిల్లలు ఇచట మొగమాటపడి, లేదు మీరే వ్రాయవలెనని బ్రతిమాలుకొని, చప్పని లేఖను తెచ్చుకొనుట నేనెరుగుదును. లేఖకు ముందు స్వీటు డబ్బా, శాలువ, గిఫ్టు కార్డు ఇంటినుండి బయలుదేరరాదని వేరుగ చెప్పవలసిన అవసరము కలుగుట విచారకరము.

1974లో చేసిన ఫెర్పా అను చట్టము ప్రకారము అమెరికా విద్యార్థికి తనను గూర్చిన విద్యాపత్రములను చూచు హక్కు కలదు. తాను చేరిన కళాశాల దాచియుంచిన సిఫారసు లేఖ సహితము అందులో చేరును. దరఖాస్తు పెట్టునప్పుడే ఆ హక్కును వదలుకొందువా యని ఒక ప్రశ్న అడుగుదురు. వదలుకొనుటయే మేలని అందరును చెప్పుదురు, అది నిజమే: శిష్యుడు చదువునని తెలిసి వ్రాసిన లేఖను అవతలివాడు సగమే నమ్మును. తల్లిదండ్రులు మాత్రము ఈ గడి దగ్గర చాలసేపు ఆగుదురు. ఏమి వ్రాసిరో తెలియకుండ ఎట్లు? తెలియకపోయినను ఫరవాలేదనదగిన ఉపాధ్యాయుని ఎంచుకొనినచో ఆ గడి దగ్గర ఆగవలసిన పని యుండదు. ఆగవలసి వచ్చినదనగా ఎంపికనే మరల చూచుకొనవలెను.

లేఖ చేరిన పిమ్మట ఒక కార్డుమీద నాలుగు పంక్తుల కృతజ్ఞత వ్రాసి ఇచ్చుట అక్కడి ఆచారము. మార్చి చివరకు ఫలితములు వచ్చును. సాధారణముగా మే 1 నాటికి ఏ కళాశాలలో చేరునదియు విద్యార్థి నిర్ణయించుకొనును. ఎక్కడ చేరెనో, ఎక్కడ చోటు రాలేదో ఉపాధ్యాయునికి వెళ్లి చెప్పవలెను. ఎం.ఎస్.కు వెళ్లువారు వీసాకు కావలసిన ఐ-20 పత్రము చేతికి వచ్చిన మరునాడే వీసా స్లాటు వేటలో పడి ఈ పని మరతురు, ఆ అసిస్టెంటు ప్రొఫెసరు వచ్చు ఆగస్టులో తన గది తలుపు తట్టిన మరొక విద్యార్థిని, “మీ సీనియర్ ఎక్కడ చేరాడో నీకేమైనా తెలుసునా?” అని అడుగుచుండును.